అమ్మ మీద సాక్ష్యం

13 అక్టోబరు, ఆదివారం. పుంగనూరు

నా పుస్తకాన్ని అమ్మ పాడుచేసింది. నిన్న పండగ. ఇంతకంటే రాస్తే కోపం ఎక్కువవుతుంది కనక ఇక్కడితో ఆపుతున్నాను.

ఆపలేకపోయాను. అది మామూలు పుస్తకం కాదు. మదనపల్లెలో నేను వెళ్ళే క్రైస్తవ సంఘంలో పాస్టరు అయ్యగారు స్వయంగా నా చేతికిచ్చిన వాక్యగ్రంథం, బైబిలు. నా జీతంతో కొన్న నవలలు అల్మరా నిండా ఉన్నాయి, వాటినేం చేసినా ఇంత మండేది కాదు. "ఎవురు చెయ్యమన్నారు నిన్ను?" అని అడిగాను. "ఒకరు చెప్పాల్నా? నాకు తెల్దా?" అంది అమ్మ. అంతే. ఇద్దరం మూతులు ముడుచుకున్నాం.

ముప్పై ఆరేళ్ళ మనిషిని. పదో తరగతి పిల్లలకి తెలుగు చెప్పే టీచర్ని. అమ్మతో మాటలు మానేసి డైరీ రాసుకుంటున్నాను. నాకే నవ్వొస్తోంది. అయినా మాట్లాడను.

14 అక్టోబరు, సోమవారం

అమ్మ మాట్లాడలేదు. నేనూ అంతే. సంగటి ముద్ద మీద గిన్నె బోర్లించి పెట్టి పక్కింటికి వెళ్ళిపోయింది. తిన్నాను. పుల్లగూర బాగుంది. చెప్పలేదు.

16 అక్టోబరు, బుధవారం

స్కూలు మదనపల్లెలో, ఇల్లు పుంగనూరులో. మధ్యలో గంటసేపు ప్రైవేటు బస్సు. డ్రైవరు వెనక ఒక చిన్న టీవీ, అందులో ఎప్పుడూ ఏదో ఒక సినిమా. బస్సెక్కగానే పేర్లు పడతాయి, ఇంటర్వెల్ దగ్గర ఊరొచ్చేస్తుంది. ఈ ఏడేళ్ళలో నేను చూసిన సినిమాలన్నీ సగం సినిమాలే. నా లెక్కలో విలన్లందరూ హాయిగా బతికే ఉన్నారు.

ఈరోజు సినిమాలో మేరీ అని ఒక నర్సు. మెడలో సిలువ, నోట్లో వంకర తెలుగు. సిలువ కనిపించగానే అనుకున్నాను, ఈమె చచ్చిపోతుందని. ఊరు రాకముందే చచ్చిపోయింది. మన సినిమాల్లో యేసుని నమ్మినవాళ్ళకి మూడే ఉద్యోగాలు. తెల్లంగీ వేసుకుని హీరోని దీవించడం, ఆస్పత్రిలో చావడం, హీరో పక్కన కూర్చుని తాగడం. మదనపల్లె లాంటి ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుంటూ, టమోటా మండీలో లెక్కలు రాసుకుంటూ, గ్యాస్ సిలిండర్ కోసం ఫోన్లు చేస్తూ కూడా ఆయన్ని నమ్ముతారని ఎవరైనా వాళ్ళకి చెప్పాలి.

అమ్మ టీ పెట్టి ఇచ్చింది. మాట్లాడకుండా.

20 అక్టోబరు, ఆదివారం

ఖాయమైంది. వచ్చే నెల కుప్పం సభల్లో నాకు బాప్తిస్మం.

ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను. మా సంఘానికి తల్లి సంఘం కుప్పంలో ఉంది. ఏటా నవంబరులో అక్కడ సభలు. శనివారం సాయంత్రం సాక్ష్యాలు, ఆదివారం పొద్దున బాప్తిస్మాలు. నమ్మకముందు నేనేమిటి, ఎలా మారాను అని మైకు ముందు నిలబడి చెప్పడం సాక్ష్యం. అది చెప్పనివాళ్ళు మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఇది మా రాజేంద్ర అయ్యగారి గురువుగారి నాటి నుంచి వస్తున్న కట్టుబాటు.

ఆరాధన అయ్యాక కీర్తనమ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆమె అయ్యగారి భార్య. సంఘానికి ఒక యూట్యూబ్ ఛానల్ ఉంటే దాన్ని ఒంటిచేత్తో నడిపిస్తారు. మంచి మనిషి. నిరుడు నాకు జ్వరమొస్తే మిరియాల రసం కాచి పంపారు.

"నీ సాక్ష్యంలో ఏముండాది కృష్ణవేణీ? రోగమేమన్నా నయమయిందా?"

"లేదమ్మగారూ."

"నిరుడు జరమొచ్చింది గదా?"

"మాత్రలేసుకుంటే తగ్గింది."

"అప్పులు? ఇంట్లో తాగేటోళ్ళు? దయ్యం పట్టిందా ఎప్పుడన్నా?"

"మా హెడ్మాస్టరు తప్ప ఎవరూ పట్టలేదమ్మగారూ."

ఆమె నవ్వలేదు. నిజంగా దిగులుపడ్డారు. "ఊరికే నమ్మినా అంటే ఎవురు వింటారమ్మా? ఇంట్లో కష్టం గూడా లేదా? మీయమ్మ ఏమీ అనదా?"

అప్పటికింకా మంట చల్లారలేదు నాకు. "మాయమ్మ నా వాక్యగ్రంథం పాడుచేసింది" అన్నాను. ఆమె మొహం వెలిగిపోయింది. "పాడు చేసిందా! చింపిందా? కాల్చిందా?" అన్నారు. సరిగ్గా అప్పుడే అయ్యగారు ముగింపు ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకోవాలి కదా. జవాబు చెప్పడం కుదరలేదు.

ప్రార్థన తర్వాత బస్సు టైమైపోయింది. అందుకే చెప్పలేదు.

22 అక్టోబరు, మంగళవారం

"మా అమ్మ" వ్యాసాలు దిద్దుతున్నాను. క్లాసులో అందరి అమ్మలూ తెల్లవారుజామునే లేస్తారు, అందరూ ప్రేమకు మారుపేర్లు, అందరూ కొవ్వొత్తిలా కరిగిపోతారు. గైడులో ఉన్నది ఉన్నట్టు దించారు. ఒక్క అమ్మాయి మాత్రం "మా అమ్మ ఆదివారం మధ్యాహ్నం నిద్రపోతుంది, అప్పుడు ఇల్లు బాగుంటుంది" అని రాసింది. దానికి ఎక్కువ మార్కులు వేశాను. ఈ సంగతి తెలిస్తే హెడ్మాస్టరు నన్ను వదలడు. వదలకపోతే పోనీ.

27 అక్టోబరు, ఆదివారం

నా సాక్ష్యం రాసుకుందామని కూర్చున్నాను. జరిగింది ఇది.

మా స్కూల్లో లెక్కల టీచరు దీపిక. మూడేళ్ళ కింద ఒకరోజు నా గొడుగు పొరపాటున తన సంచిలో పోయింది. వాన పడుతోంది. ఆదివారం పనిమీద మదనపల్లె వెళ్ళినదాన్ని, తను ఈ సంఘం గుడిలో ఉందంటే గొడుగు కోసం అక్కడికి వెళ్ళాను. లోపల ఎవరో చదువుతున్నారు. నడుమ లేచి పిలవడం బాగోదని వెనక నిలబడ్డాను.

ఆ చదివిన కథలో చచ్చిపోయి లేచివచ్చినాయన తనని చంపినవాళ్ళ దగ్గరికి పోలేదు. చూశారా అని మీసం తిప్పలేదు. తనని వదిలేసి పారిపోయిన స్నేహితుల కోసం తెల్లవారుతుండగా ఒడ్డున నిప్పులు రాజేసి చేపలు కాల్చాడు. రాత్రంతా పనిచేసి ఆకలితో వస్తారని. పిలిచి పెట్టాడు.

చిన్నప్పట్నుంచీ కథలు చదువుతున్నాను. అద్దె నవలలు, వారపత్రికల సీరియళ్ళు, దొరికిందల్లా. కల్పించి రాసేవాడెవడైనా అక్కడ ఉరుములూ మెరుపులూ పెడతాడు, శత్రువుల్ని కాళ్ళ మీద పడేస్తాడు. పొద్దున్నే వంట చేయించడు. కనక ఇది జరిగిందనిపించింది. జరిగుంటే ఆయన నాకు కావాలనిపించింది. గొడుగు మర్చిపోయి తడుచుకుంటూ బస్టాండుకి వెళ్ళాను.

ఇంతే. చదివి చూసుకున్నాను. రోగం లేదు, ఏడుపు లేదు, దెబ్బలు లేవు. కీర్తనమ్మగారికి ఇది చూపిస్తే ఆవులిస్తారు.

సరదాకి ఇంకొకటి రాశాను. అందులో నా వాక్యగ్రంథం పొయ్యిలో మండుతోంది, అమ్మ జుట్టు విరబోసుకుని ఉంది, వాన, కరెంటు పోవడం, నేను గడప బయట. ఐదు నిమిషాల్లో వచ్చేసింది. చదువుకుంటే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత బాగుంది. బాగుంది కాబట్టే చింపేశాను.

31 అక్టోబరు, గురువారం

దీపావళి. చెవులు పగిలిపోతున్నాయి. అమ్మ ఒక కాకరపువ్వొత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది, మాటల్లేకుండానే. వెలిగించాను.

3 నవంబరు, ఆదివారం

సంచిలో నవల కనబడిందని సంఘంలో ఒకామె నన్ను తప్పుపట్టింది. లోకసంబంధమైన పుస్తకాలు చదివితే వాక్యం ఒంటబట్టదట. ఆ నవలలో ఏముందో చెప్తే ఆమె నమ్మదు. రైల్వే గేటు దగ్గర టీ అంగడి పెట్టుకున్న ఒక ముసలామె. రైళ్ళు పోతుంటాయి, గేటు పడుతుంది, లేస్తుంది, ఆమె టీ పోస్తుంది. మూడువందల పేజీలు. ఎవరూ చావరు. కింద పెట్టబుద్ధి కాదు.

నాకు వాక్యం ఒంటబట్టిందే ఇలాంటివి చదవడం వల్ల అని చెప్పబోయి ఊరుకున్నాను. అన్ని యుద్ధాలూ ఒకేసారి చెయ్యలేను. నవల మాత్రం సంచిలోంచి తియ్యను.

కీర్తనమ్మగారు నా ఫోటో ఒకటి ఫోన్‌లో తీసుకున్నారు. ఎందుకని అడిగితే సభల పోస్టరుకి అన్నారు. పోస్టరులో నేను పడుతున్నానంటే కొంచెం సంతోషంగానే ఉంది. రాయకపోతే అబద్ధమవుతుంది.

6 నవంబరు, బుధవారం

ఇలాంటి రోజు నా జన్మలో ఇంకొకటి వద్దు.

ఇంటికొచ్చేసరికి తమ్ముడు శివకుమార్ నడవలో కూర్చుని ఉన్నాడు. వాడు టమోటా మండీలో పనిచేస్తాడు, ఆ వేళకి ఇంట్లో ఉండడు. పక్కన అమ్మ. వాడి చేతిలో ఫోను.

"ఇదేందక్కా?" అని నా ముందు పెట్టాడు. మా సంఘం ఛానల్. కుప్పం సభల ప్రకటన వీడియో. ఒక పక్క నా ఫోటో. ఇంకో పక్క ఎక్కడిదో ఒక ఆడమనిషి, కళ్ళెర్రజేసి, వెనక మంటలు. మధ్యలో పెద్ద అక్షరాలు: "కన్నతల్లే వాక్యాన్ని కాల్చింది! సోదరి కృష్ణవేణి కన్నీటి సాక్ష్యం." మండీలో ఎవరో వాడికి చూపించారట. మీయమ్మేనా అని అడిగారట.

అమ్మ చదవలేదు, సంతకం వరకే వచ్చు. వాడు చదివి చెప్పాడు. దసరా తర్వాత అమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట అదే.

"నేను కాల్సినానా పాపా?"

ఫోను తీసి బోర్లించాను.

"ఎప్పుడు కాల్సినా? యాడ కాల్సినా? సెప్పు."

"నేనట్లా చెప్పలేదమ్మా. పాడుచేసిందని చెప్పినా, అంతే."

"పాడుచేసినానా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

జరిగింది ఇక్కడ రాయాలి, ఇన్నాళ్ళూ రాయకుండా తప్పించుకున్నాను. ఆయుధపూజ రోజు మా ఇంట్లో పనికొచ్చే వస్తువులన్నీ పూజలో పెడతారు. కొడవలి, కత్తిపీట, శివ బండి, నా పుస్తకాలు. నేను స్నానానికి పోయిన సమయంలో అమ్మ నా వాక్యగ్రంథాన్ని తీసింది. దాన్ని మిగతా పుస్తకాలతో కింద పెట్టలేదు. దేవుడి పుస్తకం కదా అని పైన పటాల వరసలో పెట్టింది. అట్టకి పసుపు రాసి నడిమధ్య ఇంత కుంకుమబొట్టు పెట్టి, పువ్వు పెట్టింది. నేనొచ్చి చూసి, విగ్రహాల పక్కన పెడతావా, మరకలు చేస్తావా అని లాక్కున్నాను. తడిచేత్తో తుడిస్తే కుంకుమ ఇంకా పాకింది. అదీ అమ్మ చేసిన పాడు. పుస్తకం లోపల ఒక్క అక్షరం చెడలేదు.

అమ్మ లేచి వెళ్తూ ఇంకో మాట అంది. "కోర్టులో గంగాధరం గూడా ఇట్లనే సాక్ష్యం సెప్పినాడు. మన బావి మనది కాదని."

పెద్దపంజాణి దగ్గర పల్లెలో మాకు చేను ఉండేది. గట్టు తగాదా వచ్చి కోర్టుకెక్కితే, మా నాన్నతో పాటు ఆ బావి తవ్విన గంగాధరమే ఎదుటివాళ్ళ పక్కన నిలబడి ప్రమాణం చేసి అబద్ధం చెప్పాడు. చేను పోయింది. నాన్న కూడా ఎక్కువ కాలం లేడు. అమ్మకి సాక్ష్యం అనే మాటకి ఇప్పటికీ అదొక్కటే అర్థం.

ఆ మనిషి పక్కన కూర్చోబెట్టింది నన్ను. కూర్చోబెట్టడం న్యాయమే.

7 నవంబరు, గురువారం

స్కూలు వదలగానే అయ్యగారింటికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ వీడియో తీసెయ్యండమ్మగారూ. మాయమ్మ కాల్చలేదు. బొట్టు పెట్టింది."

కీర్తనమ్మగారు నివ్వెరపోయారు. "బొట్టు పెడితే పాడైందని యాల చెప్తివి?"

"తప్పే. కాల్చిందని నేను చెప్పలేదు కదా?"

"కాదనీ చెప్పలేదు గదమ్మా!" అన్నారు. అదీ నిజమే. ఆమె మొహంలో మోసం లేదు, పని చెడిందనే దిగులే ఉంది. "సూడు, ఇప్పటికే ఎంతోమంది సూసినారు. నీ సాక్ష్యం కోసమే వస్తామని గుడుపల్లె నుంచి, ఆ పక్క తమిళనాడు నుంచి గూడా ఫోన్లు చేస్తాండారు. రవంత పెంచి చెప్తే ఏమి? మహిమ మనకా? దేవునికే గదా."

అయ్యగారు అంతసేపూ కళ్ళజోడు తుడుచుకుంటూ ఉన్నారు. "కాల్చిందని నువ్వు చెప్పొద్దులేమ్మా. ఇంట్లో శ్రమలు పడినాను అను. ఎవరింట్లో లేవు శ్రమలు?"

"మాయింట్లో లేవయ్యగారూ. సంగటి చేసి పెట్టింది మాయమ్మ, మాట్లాడని రోజుల్లో కూడా."

"అయితే ఈ యేడు వద్దులే. మళ్ళీ యేడు సూద్దాం" అన్నారు మెల్లగా. కోపంతో కాదు. నీరసంగా.

"ఈ యేడే చెప్తాను. జరిగింది చెప్తాను. విన్నాక మీరు వద్దంటే అప్పుడు పోతాను" అని వచ్చేశాను. బస్సులో ఏం సినిమా వేశారో గుర్తులేదు.

8 నవంబరు, శుక్రవారం

అబద్ధం చెప్పను.

10 నవంబరు, ఆదివారం

అబద్ధం చెప్పను. మానెయ్యను కూడా. ఈరోజు గుడికి వెళ్ళి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాను. కీర్తనమ్మగారు నా వైపు చూడలేదు. వీడియో అలాగే ఉంది.

దీపిక అంది, "ఇంత గొడవెందుకు కృష్ణా, వేరే సంఘంలో బాప్తిస్మం తీసుకో. మదనపల్లెలో సంఘాలకి కరువా?" నిజమే, కరువు లేదు. కానీ అమ్మ మీద మాట పడింది ఇక్కడ. తుడవాల్సింది ఇక్కడే. అంతమంది విన్న అబద్ధాన్ని అంతమంది ముందే తియ్యాలి. ఇంకోచోట నీళ్ళలో మునిగినా ఆ మరక పోదు నాకు.

ప్రార్థన చేద్దామని కూర్చుంటే కోపమే వచ్చింది. ఆ కోపాన్నే ఆయన ముందు పెట్టాను. ఆయనకి అలవాటే అయ్యుంటుంది.

12 నవంబరు, మంగళవారం

నేను చీర మడతపెట్టుకుంటుంటే అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వాయిదా ఎప్పుడు?"

"ఏం వాయిదా?"

"అదే, కుప్పంలో. నా మీద సాక్ష్యం సెప్తాండావంట గదా. ఎప్పుడు?"

అది కోర్టు కాదమ్మా, దేవుడి సభ అన్నాను. సాక్ష్యమంటే మనసులో మాట చెప్పుకోవడం, తగాదా కాదు అన్నాను. పిల్లలకి పాఠం చెప్పినట్టు చెప్పాను. అంతా విని అమ్మ, "నా పేరు వస్తాదా రాదా?" అంది.

"వస్తుంది."

"నా పేరు వస్తే నేను ఎదురుగా ఉండాల. మీ నాయన వాయిదాలకి ఒకటి గూడా తప్పలేదు నేను. ఆ పొద్దు గంగాధరం బోనెక్కినప్పుడు ఎదురుగానే కూర్సోనుంటి. సిగ్గుపడి నిజం సెప్తాడేమో అని."

"చెప్పలేదు కదమ్మా."

"లేదు. అయినా కూర్సోవాల" అంది.

15 నవంబరు, శుక్రవారం

రేపు. శివ రానన్నాడు. అమ్మ పట్టుచీర తీసి పెట్టుకుంది.

16 నవంబరు, శనివారం. కుప్పం

సభ అయిపోయింది. బయటివాళ్ళకి సంఘం ఇచ్చిన గదిలో కూర్చుని రాస్తున్నాను. అమ్మ చాప మీద పడుకుంది. మర్చిపోకముందే అన్నీ రాసెయ్యాలి.

పలమనేరులో బస్సు మారాం. కుప్పం దూరం కదా, ఎన్నాళ్ళకో సినిమా క్లైమాక్స్ దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ నిద్రలో నా భుజం మీద వాలింది. కదిలితే లేస్తుందని కదల్లేదు, అటు తల తిప్పలేదు. ఆ విలన్ కూడా బతికే ఉన్నాడు.

పెద్ద షామియానా. జనం నిజంగానే వచ్చారు. అమ్మ వెనక వరసలో కూర్చుంది, నుదుట రూపాయంత బొట్టుతో, ఆ తెల్లచీరల మధ్య అల్లంత దూరానికి కనబడేలా. పక్కనున్న తమిళామె కుర్చీ జరిపి చోటిచ్చింది. కీర్తనమ్మగారు చూశారు. "మీయమ్మని తోడుకోనొచ్చినావా?" అన్నారు, గొంతు తగ్గించి. "ఆమే వచ్చింది" అన్నాను.

నాకంటే ముందు ఇద్దరు చెప్పారు. ఒకాయనకి పడిపోయిన కాలు తిరిగొచ్చింది, ఒకామె భర్త తాగుడు మానేశాడు. వాళ్ళని నేను తప్పుపట్టను, వాళ్ళకి జరిగే ఉంటుంది. జనం చప్పట్లు, స్తోత్రాలు. తర్వాత నా పేరు. మంటల వీడియో చూసినవాళ్ళంతా ముందుకి వంగారు.

మైకు పట్టుకుని చెప్పాను. నాకు రోగం లేదు, నన్నెవరూ కొట్టలేదు అన్నాను. గొడుగు కోసం వెళ్ళిన సంగతి చెప్పాను. ఒడ్డున చేపలు కాల్చినాయన గురించి చెప్పాను, అలాంటి మనిషిని కథలో కల్పించడం ఎవరి వల్లా కాదని, అందుకే నమ్మానని. ఆ తర్వాత అసలు మాట.

"మీరు వీడియోలో చూసింది అబద్ధం. మా అమ్మ వాక్యాన్ని కాల్చలేదు. ఆయుధపూజ రోజు పసుపు రాసి బొట్టు పెట్టి, ఇంట్లో అన్నిటికంటే పైన పెట్టింది. ఆమెకి తెలిసిన మర్యాద అది. దాన్ని నేను పాడుచెయ్యడం అన్నాను. ఆ మాట తప్పు. మా అమ్మ ఇక్కడే ఉంది. ఆమె ముందే చెప్తున్నాను."

ఎవరూ స్తోత్రం అనలేదు. చప్పట్లు లేవు. ముందు వరసలో ఒకామె "అంతేనా?" అంది పక్కామెతో. నాకు వినపడింది. "అంతే" అన్నాను మైకులోనే.

కీర్తనమ్మగారు వేదిక పక్కనుంచి అయ్యగారికి ఏదో సైగ చేస్తున్నారు. అయ్యగారు నా చేతిలోంచి మైకు తీసుకున్నారు. పాట ఎత్తుకోండి అంటారేమో, నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు వెనకనుంచి, "అప్పా, రవంత ఉండండి" అని వినపడింది.

అమ్మ లేచి నిలబడి ఉంది. చేతులు కట్టుకుని. బోనులో నిలబడినట్టు.

"నా పేరు రెడ్డెమ్మ. పెద్దపంజాణి పక్కన పల్లె మాది, ఇప్పుడు పుంగనూరులో ఉండాము. ఈ పాప తల్లిని. పాప సెప్పింది నిజం. నేను కాల్సలేదు. దేవుడి పుస్తకమని బొట్టు పెట్టినా. పాపని కొట్టింది లేదు, కూడు పెట్టకుండా ఉణ్ణింది లేదు." ఊపిరి తీసుకుంది. "ఇంగొకటి. పాప ఈ దోవన పోయేది నాకిష్టం లేదు. అప్పుడు లేదు, ఇప్పుడు గూడా లేదు. అది గూడా రాసుకోండి."

నేను ఏడుస్తున్నాను. ఏడుపుకోసమే వచ్చిన జనానికి అదీ దొరికిందని నాకు నవ్వు కూడా వచ్చింది.

అయ్యగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత మైకులో, "ఆ వీడియో తప్పు. తప్పు మాది. ఇప్పుడే తీసేయిస్తాండాము" అన్నారు. కీర్తనమ్మగారు కెమెరా వెనక ఎర్రబడిన మొహంతో తలూపారు. "రేపు పొద్దున నీళ్ళలోకి మొదట దిగేది కృష్ణవేణి" అన్నారు అయ్యగారు.

అమ్మ ఇంకా నిలబడే ఉంది.

"కూర్సోండమ్మా, అయిపోయింది" అన్నారు అయ్యగారు.

"సంతకం యాడ పెట్టాల?"

"సంతకాలేమీ ఉండవమ్మా. దేవుడు విన్నాడు, సాలు."

"ఆయప్పకి ముందే తెల్సులే. నేను సెప్పింది మీకు" అని అమ్మ కూర్చుంది.